‘ఆస్క్’కు బదులు ‘డిమాండ్’ రాస్తే ఏమవుతుంది?

ప్రశ్న: డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివాను. హనుమకొండలో విత్తనాలు, పురుగుమందులు పంపిణీ చేసే ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. డీలర్లకు, కంపెనీలకు ఇంగ్లీషు మెయిళ్లు నేనే పెట్టాలి. ప్రతి మెయిల్లో ‘ఆస్క్’ అనే రాస్తున్నానని, కొంచెం వేరే మాటలు కూడా వాడమని మా సార్ అన్నారు. ఫోన్లో ‘ఆస్క్’ అని కొట్టి చూస్తే రిక్వెస్ట్, డిమాండ్, ఎంక్వైర్, క్వశ్చన్, బెగ్, అప్పీల్ అని వరసగా వచ్చాయి. తెలుగు అర్థం చూస్తే అన్నిటికీ ‘అడుగు’ అనే ఉంది. ఒక పాత డీలర్‌కు ‘ఐ డిమాండ్ యూ టు సెండ్ ద పేమెంట్ డీటెయిల్స్’ అని పంపాను. ఆయన మా సార్‌కు ఫోన్ చేసి, ‘ఇన్నేండ్ల నుంచి మీ దగ్గర సరుకు తీసుకుంటున్న, ఇప్పుడు నన్నే బెదిరిస్తున్నరా?’ అన్నాడట. అప్పటి నుంచి మెయిల్ రాయాలంటేనే టెన్షన్. ఏ మాట ఎక్కడ వాడాలో ఒక లిస్టు ఇవ్వండి. ఆ డీలర్‌కు ఇప్పుడు ఏం రాయాలో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

అమ్మా,

లిస్టు మాత్రం ఇవ్వను. మిమ్మల్ని ఇబ్బందిలో పెట్టిందే లిస్టు. ఫోన్లో మీకు కనిపించిన అలాంటి వరసలకు పేరు తెచ్చినవాడు పీటర్ మార్క్ రోజే అనే ఇంగ్లండు డాక్టరు. 1852లో ఆయన అచ్చు వేయించిన పదకోశం మాటలను అక్షరాల వరసలో కాకుండా భావాల వారీగా గుంపులు కట్టింది. ఒక్కో మాటకు అర్థం చెప్పే పని పెట్టుకోలేదు. తెలిసిన మాటే సమయానికి గుర్తురానివాళ్లకు అది బాగా పనికొస్తుంది. ఆ మాటల మధ్య తేడా తెలియనివాళ్లకు మాత్రం అన్నీ ఒకటే అనిపిస్తాయి. పక్కపక్కన ఉన్న మాటలు దగ్గరివే. ఒకదాని బదులు ఇంకోటి పెట్టుకోవచ్చని మాత్రం ఏ కోశమూ హామీ ఇవ్వదు.

మీ నిఘంటువు చెప్పినట్టు అన్నిటిలోనూ ‘అడగడం’ ఉన్న మాట నిజమే. కానీ ఎవరు ఎవరిని అడుగుతున్నారు, కావలసింది జవాబా, వస్తువా, పనా, అవతలివాళ్లు ‘లేదు’ అంటే చెల్లుతుందా – ఈ తేడాలు చూపించడానికే ఇంగ్లీషులో ఇన్ని మాటలున్నాయి. మూడింటిలోనూ చివరిదే ముఖ్యం. ‘లేదు’ అనే అవకాశం అవతలి మనిషికి ఎంత మిగిల్చారన్నదాన్ని బట్టి మాట మెత్తగానో గట్టిగానో ఉంటుంది. మీ డీలర్‌కు కోపం తెప్పించింది అదే. మీ మాట ఆయనకు ‘లేదు’ అనే దారి లేకుండా చేసింది.

ఇది మీకు కొత్త విద్య కాదు. తెలుగులో మీరు రోజూ చేసేదే. సోమవారం ప్రజావాణి రోజు కలెక్టరేట్ దగ్గర కాసేపు నిలబడితే ‘అడగడం’ ఎన్ని రకాలో కనిపిస్తుంది. పింఛను ఆగిపోయిన ముసలమ్మ దరఖాస్తు పట్టుకొచ్చి, లోపలికి పంపమని గేటు దగ్గర మనిషిని బతిలాడుతుంది. ఊరి రోడ్డు కోసం వచ్చిన నలుగురు వినతిపత్రం ఇస్తారు. భూమి గొడవ ఉన్నవాడు ఫిర్యాదు చేస్తాడు. సంఘం వాళ్లు బయట జెండా పట్టుకుని డిమాండ్ చేస్తారు. పోయిన సోమవారం ఇచ్చిన అర్జీ ఏమైందని ఒకాయన గుమాస్తాను ఆరా తీస్తాడు. ఇంకొకాయన ఓపిక పోయి నిలదీస్తాడు. వీళ్లలో ఎవరి మాట ఇంకొకరికి పెట్టినా మీ చెవికి వెంటనే తేడా కొడుతుంది. ముసలమ్మ గేటు దగ్గర మనిషిని ‘నిలదీసింది’ అంటే అది వేరే కథ. ఆ చెవి మీకుంది. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి నిఘంటువును నమ్మారు.

ఇంకో సంగతి చూడండి. అడగడానికి మనం వాడే మాటలన్నీ ఒకచోట పుట్టినవి కావు. అడుగు, బతిలాడు మన ఇంటి మాటలు. వినతి, అభ్యర్థన, విజ్ఞప్తి సంస్కృతం నుంచి వచ్చాయి. దరఖాస్తు, అర్జీ, ఫిర్యాదు పార్శీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా మన కచేరీలలోకి వచ్చాయి. 1948 దాకా ఇక్కడ పాలన ఉర్దూలో నడిచింది. వరంగల్ అప్పుడు ఒక సుబా, అంటే కొన్ని జిల్లాలు కలిసిన పాలనా విభాగం. మీ హనుమకొండలో సుబేదారి అనే పేరు ఆ పాలన గుర్తే. అందుకే ఇప్పటికీ ఇంట్లో అమ్మను అడుగుతాం, ఆఫీసులో దరఖాస్తు పెడతాం, సభలో విజ్ఞప్తి చేస్తాం.

ఇంగ్లీషుకూ అచ్చంగా ఇదే జరిగింది. 1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాక, అక్కడి దర్బారు, కోర్టు చాలాకాలం ఫ్రెంచిలో నడిచాయి. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేసింది 1362లో. ‘ఆస్క్’ అంతకుముందు నుంచీ అక్కడి జనం నోట ఉన్న మాట. రిక్వెస్ట్, డిమాండ్, ఎంక్వైర్, క్వశ్చన్ ఫ్రెంచి దారిలో వచ్చాయి. ‘ఇంటరాగేట్’ లాంటిది నేరుగా లాటిన్ చదువుల వాసన ఉన్న మాట. అందుకే ఇంట్లో, వీధిలో ‘ఆస్క్’ నడుస్తుంది, కాగితం మీద ‘రిక్వెస్ట్’ కనిపిస్తుంది, పోలీస్ స్టేషన్లో ‘ఇంటరాగేట్’ వినిపిస్తుంది. మాట ఏ గుమ్మం నుంచి లోపలికి వచ్చిందో ఆ గుమ్మం మర్యాద దానికి అంటుకునే ఉంటుంది.

ఇక మిమ్మల్ని ముంచిన ‘డిమాండ్’ సంగతి. ఫ్రెంచిలో దీని మూల క్రియకు ఈరోజుకీ మామూలుగా ‘అడగడం’ అనే అర్థం. ఇంగ్లండు కోర్టులలో ‘ఇది నాకు రావలసినది, ఇవ్వండి’ అని హక్కుగా అడగడానికి దాన్ని వాడారు. ఆ వాడుకతోనే మాట గట్టిపడింది. కాబట్టి ఇంగ్లీషులో ‘డిమాండ్’ అన్నారంటే రెండు విషయాలు చెప్పినట్టు: ఇది నా హక్కు, మీరు కాదనడానికి లేదు. మన పేపర్లు దీన్ని సరిగ్గానే పట్టుకున్నాయి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర ఒక్కసారి పడిపోతే రైతులు గిట్టుబాటు ధర ‘డిమాండ్ చేశారు’ అని రాస్తారు, ‘కోరారు’ అని రాస్తే రైతు కోపం ఆ వార్తలో కనిపించదు. అదే రైతు పక్క ఊరి మిత్రుడిని స్ప్రేయర్ ఒకరోజు ఇమ్మని ‘డిమాండ్ చేశాడు’ అని ఎవరూ అనరు. తెలుగులో తెలిసిన ఈ తేడానే ఇంగ్లీషు మెయిల్లోకి తెచ్చుకుంటే చాలు.

బ్యాంకులో డీడీ తీస్తాం కదా, డిమాండ్ డ్రాఫ్ట్. అందులో ‘ఆన్ డిమాండ్’ అని అచ్చు వేసి ఉంటుంది. అడిగిన వెంటనే చెల్లించాలి, సాకులు చెప్పడానికి లేదు అని. అక్కడ ఆ మాట కోపం కాదు, చట్టం. ‘పత్తికి డిమాండ్ ఉంది’ అన్నప్పుడు అర్థం ఇంకా వేరు, కొనేవాళ్లు ఉన్నారని. ఈ అర్థంలో అది మెత్తగానే ఉంటుంది. ‘ఐ డిమాండ్’ అని మనిషి నోట క్రియగా వచ్చినప్పుడే వేలు చూపించినట్టు వినిపిస్తుంది.

మీ వాక్యంలో వ్యాకరణం కూడా తప్పింది. ‘ఆస్క్ యూ టు సెండ్’ అనొచ్చు, ‘రిక్వెస్ట్ యూ టు సెండ్’ అనొచ్చు. ‘డిమాండ్ యూ టు సెండ్’ అనకూడదు. డిమాండ్ తర్వాత మనిషి రాడు, కావలసిన వస్తువు వస్తుంది: ‘డిమాండ్ యాన్ ఆన్సర్’, ‘డిమాండ్ పేమెంట్’. మనిషిని తేవాలంటే ‘డిమాండ్ పేమెంట్ ఫ్రమ్ హిమ్’ అని వెనక తేవాలి. లేదా ‘డిమాండ్ టు సీ ద బిల్’, ‘డిమాండ్ దట్ హి పే’. ఫోన్లోని వరస ఇవన్నీ చెప్పదు. మాటకు అర్థమొకటే కాదు, తన వెనక ఎవరిని రానిస్తుందో కూడా తెలియాలి.

హక్కు ఉన్న ప్రతిచోటా ‘డిమాండ్’ వాడాలా అంటే అదీ కాదు. 2005 సమాచార హక్కు చట్టం చూడండి. పేరులోనే హక్కు ఉంది. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదని ఆరో సెక్షన్ అంటుంది. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలని ఏడో సెక్షన్ అంటుంది. అంత గట్టి హక్కు ఇచ్చిన చట్టం, పౌరుడు పెట్టే కాగితాన్ని మాత్రం ‘రిక్వెస్ట్’ అనే పిలిచింది. హక్కు చట్టంలో ఉంది కాబట్టి మాట గట్టిగా ఉండాల్సిన పని లేదు. మీ ఆఫీసుకు రావలసిన డబ్బు కూడా అంతే. బిల్లు మీద సంతకం ఉంది, సరుకు దిగిన కాగితం ఉంది. బలం వాటిలో ఉంది. మెయిల్లో మాట మెత్తగా ఉన్నందువల్ల రూపాయి తగ్గదు.

‘రిక్వెస్ట్’ దగ్గర మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ‘ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అని రాస్తారు. క్రియగా వాడినప్పుడు ‘ఫర్’ వద్దు: ‘ఐ రిక్వెస్ట్ టూ డేస్ లీవ్’. నామవాచకమైతే ‘ఫర్’ కావాలి: ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’. ‘ఆస్క్’కు మాత్రం ‘ఫర్’ ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. ‘ఆస్క్ ద మేనేజర్’ అంటే మేనేజర్‌ను అడుగు. ‘ఆస్క్ ఫర్ ద మేనేజర్’ అంటే ‘మేనేజర్ ఉన్నారా, ఆయనతో మాట్లాడాలి’ అను. ‘అడగందే అమ్మైనా పెట్టదు’ అనే సామెతలో ఉన్నది ఈ ‘ఆస్క్ ఫర్’. ఇంకొకటి, ‘ఆస్క్ టు హిమ్’ అనకండి. ‘అతనికి చెప్పాను’ అనే అలవాటుతో ఆ ‘టు’ దూరుతుంది. ‘ఆస్క్ హిమ్’ చాలు.

‘ఐ కైండ్లీ రిక్వెస్ట్ యూ’ అని కూడా మన ఆఫీసుల్లో తెగ రాస్తారు. ‘కైండ్లీ’ అంటే దయతో. దయ చూపించాల్సింది పని చేసిపెట్టే ఆయన కదా, అడిగే మీరు కాదు. ‘కైండ్లీ సెండ్’ అంటే ఆయన దయతో పంపాలి, సరిపోతుంది. ‘ఐ కైండ్లీ రిక్వెస్ట్’ అంటే నేను దయతో అడుగుతున్నాను అన్నట్టవుతుంది. దాన్ని వదిలేయండి. ‘ప్లీజ్ సెండ్’ దానికన్నా శుభ్రంగా ఉంటుంది.

‘ఎంక్వైర్’ సమాచారం కోసం. కాజీపేట జంక్షన్‌లో ఎంక్వైరీ కౌంటర్ ఉన్నది అందుకే. బండి ఎప్పుడొస్తుందని అడగొచ్చు, టికెట్ మాత్రం అక్కడ ఇవ్వరు. మాట కూడా అంతే, జవాబు తెస్తుంది, వస్తువు తేదు. కాబట్టి ‘ఐ ఎంక్వైర్డ్ హిమ్ టు సెండ్ ద స్టాక్’ అనే వాక్యం నిలబడదు. ‘ఎంక్వైర్డ్ అబౌట్ ద స్టాక్’ అనాలి. తెలుగులో మనం ‘ఆఫీసర్ మీద ఎంక్వైరీ వేశారు’ అని కూడా అంటాం. బ్రిటిష్ రాతలో చాలామంది దానికి మొదటి అక్షరం మార్చి ‘ఇంక్వైరీ’ అని రాస్తారు, మామూలుగా అడిగి తెలుసుకోవడానికి ‘ఎంక్వైరీ’ ఉంచుతారు. అమెరికా వాళ్లు ఎక్కువగా రెండింటికీ ‘ఇంక్వైరీ’తోనే సరిపెడతారు. మీరు దీని మీద బుర్ర పాడుచేసుకోకండి, ఒక మెయిల్లో ఒకే తీరుగా రాస్తే చాలు.

‘క్వశ్చన్’ విషయంలో మాత్రం జాగ్రత్త. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ నిరపాయం. ‘ఐ క్వశ్చన్డ్ హిమ్’ అనగానే అనుమానం వస్తుంది. పోలీసులు చేసేది అది. ‘ఐ క్వశ్చన్ యువర్ బిల్’ అంటే ‘మీ బిల్లు మీద నాకు నమ్మకం లేదు’ అని. బిల్లులో ఒక లైను అర్థం కాక అడుగుతున్నప్పుడు ఈ మాట వాడితే, డిమాండ్ కంటే పెద్ద గొడవే అవుతుంది. నిజాయితీని అనుమానించినట్టు తీసుకుంటారు. ఇంకా గట్టిది ‘ఇంటరాగేట్’, దాని జోలికి మీ ఆఫీసు పని ఎప్పుడూ వెళ్లదు.

ఇక్కడే మనందరి నోట ఉన్న ‘డౌట్’ గురించి చెప్పాలి. బడిలో చేయి ఎత్తి ‘సార్, డౌట్’ అంటాం. సందేహం అనే మాటకు మనకు ప్రశ్న అన్న అర్థం కూడా ఉంది కాబట్టి ‘డౌట్’ను కూడా అలాగే వాడుకున్నాం. భారతదేశమంతా అలాగే అంటుంది, ఇక్కడ తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ బయటి దేశం కంపెనీకి ‘ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ప్రొడక్ట్’ అని రాస్తే, ‘మీ సరుకు మీద నాకు అపనమ్మకం’ అని చదువుకుంటారు. వాళ్లకు రాసేటప్పుడు ‘క్వశ్చన్’ అనండి. మీ పంపిణీ పనిలో ఈ ఒక్క మార్పు చాలా ఇబ్బంది తప్పిస్తుంది.

‘బెగ్’, ‘అప్పీల్’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘బెగ్’ అంటే బిచ్చమెత్తడం, కాళ్లా వేళ్లా పడడం. పాత ఇంగ్లీషు అర్జీలలో ‘ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలుపెట్టేవాళ్లు, ఇప్పటికీ కొన్ని నమూనా ఉత్తరాల్లో కనిపిస్తుంది. వాడకండి, తెల్లదొరల కాలం నాటి వంగిన నడుము అది. ‘ఐ బెగ్ యువర్ పార్డన్’ ఒక్కటి ఉంచుకోండి, ‘మళ్లీ చెప్తారా’ అని అడగడానికి. ‘అప్పీల్’ పదిమందిని ఉద్దేశించి చేసేది, లేదా పైకోర్టుకు వెళ్లేది. ‘అర్జ్’ అంటే పని త్వరగా చేయమని గట్టిగా కోరడం. ‘ఇన్‌సిస్ట్’ అంటే వద్దన్నా పట్టుబట్టడం. పెళ్లి పిలుపుకు వెళ్తే ‘తిని పోవాల్సిందే’ అంటారు చూడండి, అది ఇన్‌సిస్ట్.

నాకు ఇష్టమైనది ఇంకొకటుంది, నిఘంటువుల్లో చాలామంది దాటేసేది: ‘ఆస్క్ ఆఫ్టర్’. ‘షి ఆస్క్‌డ్ ఆఫ్టర్ యువర్ మదర్’ అంటే మీ అమ్మ ఎట్లా ఉందని అడిగింది అని. మనం బస్సు ఎక్కుతున్నవాళ్లతో ‘అమ్మను అడిగినట్టు చెప్పు’ అంటాం కదా, అదే. రెండు భాషలకూ చుట్టరికం లేదు, అయినా రెండూ క్షేమం కనుక్కోవడానికి ‘అడుగు’ మాటనే పట్టుకున్నాయి. దీనికి మన దగ్గర ‘అర్సుకొనుడు’ అనే చక్కని మాట కూడా ఉంది. మనిషిని చూసుకోవడం, బాగోగులు కనుక్కోవడం రెండూ అందులో ఉన్నాయి.

‘మందలిచ్చుడు’ సంగతి మీకు తెలుసు. ‘ఎదురుపడ్డా మందలియ్యకుండ పోయిండు’ అంటే పలకరించకుండా పోయాడని మన ఊళ్లలో బాధపడతారు. కోస్తా వైపు, పుస్తక భాషలో ‘మందలించడం’ అంటే కోప్పడడం. అక్కడి కొత్త కోడలితో ఇక్కడి అత్త ‘మీ మామ నిన్ను మందలిచ్చిండా?’ అంటే ఆ పిల్ల భయపడుతుంది. ఒకే భాషలో, ఒకే మాట, ప్రేమగా అడగడం ఒకచోట, తిట్టడం ఇంకోచోట. ఇది గుర్తుంచుకుంటే, మీ డీలర్ ‘డిమాండ్’ను ఎట్లా విన్నాడో అర్థమవుతుంది. మీ మనసులో అది ‘అడుగుతున్నాను’. ఆయన చెవిలో అది సంఘం జెండా.

ఇంతకీ ఇంగ్లీషు మాట ఎంపిక మీద ఇంత బరువు ఎందుకు పెడుతుందంటే, దానికి మనలాగా మర్యాద చూపించే వేరే దారులు తక్కువ. మనకు ‘గారు’ ఉంది, ‘అండి’ ఉంది, నువ్వు–మీరు ఉన్నాయి, అన్నా, బాపూ, పటేలా ఉన్నాయి. ‘పైసలు ఎప్పుడు పంపుతవే’ అనేదీ, ‘పైసలు ఎప్పుడు పంపుతారండి’ అనేదీ ప్రశ్న ఒకటే, మర్యాద చివరి అక్షరాల్లో ఉంది. ఇంగ్లీషులో ఒకప్పుడు ‘దౌ’ అని నువ్వు, ‘యూ’ అని మీరు ఉండేవి. ‘దౌ’ మామూలు వాడుకలోంచి పోయి, కలెక్టర్‌కూ ‘యూ’ అయింది, చిన్నపిల్లకూ ‘యూ’ అయింది. అక్కడ తగ్గిన మర్యాదను ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ’ లాంటి క్రియల మీదికి, మాట ఎంపిక మీదికి ఎక్కించారు. రైల్వే స్టేషన్లో ‘మే ఐ హ్యావ్ యువర్ అటెన్షన్, ప్లీజ్’ అని వింటాం కదా. వాళ్లు నిజంగా మీ అనుమతి కోసం ఆగరు. కానీ వాక్యం అనుమతి అడిగినట్టే ఉంటుంది. ‘లేదు’ అనే వీలు ఉన్నట్టు చూపించడమే అక్కడ మర్యాద.

ఇందులో ఒక మెలిక ఉంది, ఫోన్లో మాట్లాడేటప్పుడు గుర్తుపెట్టుకోండి. ‘వుడ్ యూ మైండ్ సెండింగ్ ఇట్ టుడే?’ అంటే ‘ఈరోజు పంపడానికి మీకేమైనా అభ్యంతరమా?’ అని. అవతల నుంచి ‘నో, నాట్ ఎట్ ఆల్’ అని వస్తే సంతోషించండి, పంపుతానని అర్థం. ‘నో’ వినగానే ఫోన్ పెట్టేసి కాదన్నాడని చెప్పేవాళ్లు ఉన్నారు.

మీ సార్‌కు కూడా ఒక మాట చెప్పండి, లేదా ఈ జవాబు చూపించండి. ‘ఆస్క్’ చాలాసార్లు రావడం తప్పు కాదు. ఇంగ్లీషు బాగా రాసేవాళ్లు కూడా ‘ఆస్క్’ను అలాగే వాడతారు, ఎందుకంటే అది చదివేవాళ్ల దృష్టిని తన మీదికి లాక్కోదు. మెయిల్లో విసుగు కలుగుతుంటే దానికి మందు వేరే మాట కాదు, వేరే వాక్యం. ‘ఐ యామ్ ఆస్కింగ్ ఫర్ ద డీటెయిల్స్’ అనే బదులు ‘ప్లీజ్ సెండ్ ద డీటెయిల్స్’ అంటే ఆ క్రియే అవసరం లేదు. ‘కుడ్ యూ లెట్ అస్ నో వెన్ ద పేమెంట్ వజ్ మేడ్?’ అంటే అదీ అడగడమే, ‘ఆస్క్’ లేకుండానే. ఇప్పుడు కార్పొరేట్ ఆఫీసుల్లో ‘వాట్ ఈజ్ ద ఆస్క్?’ అని నామవాచకంగా కూడా వాడుతున్నారు, క్రికెట్ కామెంటరీలో ‘ఎ బిగ్ ఆస్క్’ ఎప్పటి నుంచో ఉంది. మీరు డీలర్లకు రాసే ఉత్తరాల్లో అది నప్పదు.

ఇక ఆయనకు రాయాల్సిన మెయిల్. ముందు ఫోన్ చేయండి, తెలుగులో. ‘అంకుల్, మాట ఎంపికలో తేడా వచ్చింది, బెదిరించే ఉద్దేశం నాకు లేదు, మీరు మా పాత పార్టీ’ అని చెప్పండి. ఇన్నేళ్ల పరిచయం ఉన్న మనిషికి మెయిల్లో సారీ చెప్పడం కన్నా ఇదే గౌరవం. తర్వాత మెయిల్ ఇట్లా పెట్టండి:

‘డియర్ సర్, ప్లీజ్ ఇగ్నోర్ ద వర్డింగ్ ఆఫ్ మై ఎర్లియర్ మెయిల్. ఐ ఓన్లీ మీంట్ టు ఆస్క్ ఫర్ ద పేమెంట్ డీటెయిల్స్ ఆఫ్ ద ఇన్వాయిస్ బిలో. కుడ్ యూ ప్లీజ్ సెండ్ దెమ్ బై ఫ్రైడే, సో దట్ వి కెన్ అప్‌డేట్ యువర్ అకౌంట్? థాంక్ యూ.’

ఇందులో రోజు చెప్పారు, కారణం చెప్పారు. ‘యువర్ అకౌంట్’ అన్నప్పుడు పని ఆయన కోసం కూడా అని తెలుస్తుంది. కింద ఇన్వాయిస్ నంబరు, తేదీ, మొత్తం విడిగా రాయండి. జవాబు రాకపోతే వారం ఆగి ‘దిస్ ఈజ్ ఎ రిమైండర్’ అనండి. అప్పటికీ రాకపోతే మీ సార్ పేరుతో ‘వి రిక్వెస్ట్ యూ టు క్లియర్ ద అమౌంట్’ అని వెళ్లాలి. మెట్టు మెట్టుగా గట్టిపడాలి. మొదటి మెట్టులోనే చివరి మాట వాడేస్తే తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు.

‘డిమాండ్’ నిజంగా అవసరమయ్యే రోజు మీ పనిలోనే రావచ్చు. ఎవరైనా ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక తిరిగొస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు వేయడానికి ముందు, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా డబ్బు అడగాలి. నోటీసు అందాక కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు ఉంటాయి. చట్టం ఆ అడగడానికి వాడిన మాట ‘డిమాండ్’. అక్కడ ‘రిక్వెస్ట్’ అని మెత్తగా రాసి ఊరుకోకూడదు, ఇంత మొత్తం చెల్లించాలని స్పష్టంగా డిమాండ్ చేయాలి. ఆ నోటీసు మాత్రం మీరు రాయకండి, మీ ఆఫీసు వకీలుతో రాయించమని సార్‌కు చెప్పండి, గడువు తేదీ మాత్రం మీరే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.